మొగం పట్టే పని

మా ఆడిటోరియంలోకి ఎవరు వచ్చినా నేను మొదట చూసేది వాళ్ళ కాళ్ళ వైపు. స్టేజీ మీద పరిచింది చెక్క. దాని మీద చెప్పులతో నడిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకసారి ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషిని మెట్ల దగ్గరే ఆపి బూట్లు విప్పించాను. ఆయన మారుమాట లేకుండా విప్పాడు గానీ, ఆ తర్వాత వారం రోజులు ఆఫీసులో అందరూ నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఆ హాలు గోడలు లేచినప్పుడు నేను లేను గానీ, పైన వేలాడే ప్రతి లైటుకూ వైరు లాగినప్పుడు నిచ్చెన మీద ఉన్నది నేనే.

హోసూరు నుంచి సూళగిరి దాటి కృష్ణగిరి వైపు పోతుంటే హైవే పక్కన కనిపిస్తుంది మా యూనివర్సిటీ. నేను కృష్ణగిరిలో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్ళు ప్యానెల్ బోర్డులు బిగించాను. అక్కడి నుంచి ఈ ఉద్యోగానికి వచ్చాను. లైట్ల గది హాలుకు వెనక గోడలో, పై అంతస్తులో, అద్దం వెనకాల ఉంటుంది. ముందు బోర్డు, దాని నిండా వేలితో పైకీ కిందికీ జరిపే మీటలు. పక్క కుర్చీలో సౌండు చూసే ఆయన. ఆయనది ఆనేకల్ వైపు, కన్నడంలో తప్ప ఇంకే భాషలోనూ నవ్వడు. ప్రోగ్రాం జరుగుతున్నంత సేపు బోర్డు వదిలి లేవకూడదన్నది మా ఇద్దరి నియమం. ఎవరూ పెట్టలేదు, మేమే పెట్టుకున్నాం.

ఆ బోర్డు మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన మీట హాలు లైట్లది. దాన్ని మెల్లగా కిందికి దించుతుంటే జనం మీద చీకటి పడుతుంది. పిల్లల గోల దానంతట అదే అణిగిపోతుంది. ఎంత పెద్ద లెక్చరర్ కేకలేసినా అణగని గోల నా ఒక్క వేలికి అణుగుతుందని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ప్రదర్శన కళల విభాగం నేను చేరాక వచ్చింది. దానికి అధిపతిగా మదురై నుంచి ఒక మేడం వచ్చింది. నాట్యానికి ఒక గది, సంగీతానికి ఒక గది, నాటకం పిల్లలకు నేల మీద రబ్బరు పరిచిన ఇంకో గది ఇచ్చారు. ఆరుబయట గుండ్రంగా మెట్లు కట్టి ఒక రంగస్థలం కూడా కట్టించారు గానీ, దాని మీద చెట్టు నీడ పడదు. మెట్ల మీద కూర్చుంటే కాలిపోతుంది. మొదటి ఏడాది అక్కడ ఒక్క ఆటా జరగలేదు, క్యాంటీను వాళ్ళు మాత్రం మిరపకాయలు ఆరబెట్టుకున్నారు.

మేడం ఒక రోజు స్టాఫునంతా పిలిచి, ఈ ప్రాంతపు ఆట ఒకటి పిల్లలకు సిలబస్‌లో పేపరుగా పెట్టాలని ఉందని చెప్పింది. శనివారాలు క్లాసు జరుగుతుందట. నేర్పేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పమంది. నేను తల వంచుకుని నోట్‌బుక్‌లో గీతలు గీస్తూ కూర్చున్నాను.

నేర్పేవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మాది బేరిగై పక్కన పల్లె. మా నాయన పగలు గులాబీ తోటలో పూలు కోసేవాడు, తిరణాళ్ళ కాలం వస్తే రాజు వేషం కట్టేవాడు. తెలుగు వీధి నాటకం. ఆట నేర్పే గురువును మావైపు వాద్యారు అంటారు. చుట్టుపక్కల పల్లెల్లో మా నాయన్ను పేరు పెట్టి పిలిచిన వాళ్ళు తక్కువ, అందరికీ వాద్యారే. కానీ ఆ వాద్యారు దగ్గర నేర్చుకునే వాళ్ళు ఎనిమిదేళ్ళుగా ఒక్కరూ లేరు. మగపిల్లలు ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయారు. కూతుర్ని నేను. చిన్నప్పుడు నాకు రెండు దరువులు నేర్పి చూశాడు, నేను డిప్లొమా అని తప్పించుకున్నాను. గురువు దగ్గర కూర్చుని చేత్తో రాసుకున్న ఆట పుస్తకం ఒకటి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకున్నాడు. ఏడాదికోసారి దాన్ని దించి, ఎండలో పెట్టి, మళ్ళీ చుట్టేవాడు. అది తనతోనే ఆగిపోతుందన్న బెంగ ఆయనకుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

అంత తెలిసీ నేను ఎందుకు నోరు విప్పలేదంటే, సిగ్గుపడ్డాను. గులాబీ ముళ్ళు గీరుకున్న చేతులతో మా నాయన ఆ ఏసీ హాల్లోకి రావడం తలుచుకుంటేనే ముఖం చెల్లలేదు. ఇది రాయడానికి ఇప్పుడు ఇంకా సిగ్గుగా ఉంది, కానీ ఉన్నది అదే.

నా గుట్టు రట్టు చేసింది కోణంగి మామ. నాయన ఆటలో కోణంగి వేషం, అంటే జనాన్ని నవ్వించే వేషం, కట్టేది ఈయనే. నాకు వావికి మామ అవుతాడు. మా యూనివర్సిటీలోనే తోటపని కాంట్రాక్టులో పనిచేస్తాడు. మేడం కారు దిగుతుంటే నీళ్ళ పైపు పక్కన పడేసి ఎదురుపోయి, వాద్యారు కూతురు ఈడనే లైట్లేస్తా ఉండాది, అడగలేదా అని చెప్పేశాడట. మేడం నన్ను పిలిచి ఒక్కటే అడిగింది, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని. తిరిగి వస్తూ మామను కడిగేశాను. ఆయన చామంతులకు నీళ్ళు పడుతూనే ఉన్నాడు.

పేపరు పెట్టాలంటే ముందు ఒక ప్రదర్శన ఇవ్వాలి, కమిటీ చూడాలి, వీడియో తీసి పైకి పంపాలి. బాగుందనిపిస్తే నాయన శనివారాలు వచ్చి నేర్పుతాడు, లేకపోతే లేదు. ఈ సంగతి చెప్పిన రోజు నాయన అటక మీద నుంచి పుస్తకం దించాడు. అది ఎండలో పెట్టే నెల కాదు.

ప్రదర్శనకు ముందు హాలు చూసుకుంటానని ఒక సోమవారం వచ్చాడు. నేను చెప్పకముందే చెప్పులు బయట విడిచాడు. స్టేజీ మీదికి ఎక్కి కుడికాలితో రెండుసార్లు గట్టిగా తొక్కి, చెక్క పలికే తీరు విన్నాడు. తర్వాత ముందుకొచ్చి ఖాళీ కుర్చీల వైపు చాలాసేపు చూశాడు. నేను ఉత్సాహంగా అన్నీ చూపించాను. ఇది పక్క లైటు, ఇది మనిషి వెంట తిరిగే లైటు, ఆట మొదలయ్యేటప్పుడు జనం మీద లైట్లన్నీ ఆర్పేస్తాం, అప్పుడు అందరి కళ్ళూ నీ మీదే ఉంటాయి అని చెప్పాను.

"అన్నీ ఆర్పేస్తారా?" అని అడిగాడు.

"అన్నీ నాయనా. చిమ్మచీకటి."

ఆయన ఏదో అనబోయి మానుకున్నాడు. "సరేమ్మా. నీ పని నీకు తెలుస్తాది" అన్నాడు.

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆయన ఏం అనబోయాడో అడగాలని నాకు తోచనే లేదు.

ప్రదర్శన మధ్యాహ్నం రెండు గంటలకు పెట్టారు. భోజనాలు చేసి వచ్చిన పిల్లలు హాలు నిండా కూర్చున్నారు. ముందు వరుసలో కమిటీ వాళ్ళు ముగ్గురు, వాళ్ళ పక్కన మేడం. మధ్య దారిలో కెమెరా. నాయన మేకప్ గదిలో బల్బులు చుట్టిన పెద్ద అద్దాన్ని వదిలేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న చేతి అద్దంలో చూసుకుంటూ రంగు పూసుకున్నాడు. చెక్క కిరీటం, భుజకీర్తులు కట్టుకుని లేచేసరికి గది చిన్నదైపోయింది.

నేను పైన బోర్డు ముందు కూర్చున్నాను. నాకు తెలిసిన విద్యంతా వాడాను. రెండు పక్కల నుంచి పసుపు వెలుగు, పై నుంచి తెల్ల వెలుగు, ముఖం మీద స్పాట్ లైటు. నేను ఆయనకు ఇచ్చుకోగలిగింది అదేనని అనుకున్నాను. హార్మోనియం, మద్దెల, తాళాలు మొదలయ్యాయి. హాలు లైట్లు దించేశాను. హాలు గప్‌చిప్ అయింది.

మా ఆటలో రాజు నేరుగా రాడు. ఇద్దరు మనుషులు ఒక తెర గుడ్డ అడ్డం పట్టుకుంటారు, దాని వెనక రాజు చిందులేస్తాడు. మధ్యలో ఒకసారి తెర అంచు పైకెత్తి జనాన్ని చూస్తాడు. నాయన కూడా ఎత్తి చూశాడు, దించాడు. మళ్ళీ ఎత్తి చూశాడు. మూడోసారి కూడా ఎత్తాడు. అలవాటుగా ఒక్కసారే చూసేవాడు, ఇప్పుడిన్నిసార్లు ఎందుకో నాకు అర్థం కాలేదు.

తెర తొలగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాజ్యం పోగొట్టుకుని తిరిగొచ్చిన రాజు అతడు. నేనెవరో తెలియునా మీకు అని పాడుతూ అడగాలి. పల్లెలో అయితే జనమంతా ఒక్క గొంతుతో, తెలుసు సామీ అంటారు. ఆ తర్వాతే రాజు కథ ఎత్తుకుంటాడు. నాయన అడిగాడు. ఎవరూ పలకలేదు. మా పిల్లలకు ప్రోగ్రాంలో మాట్లాడకూడదని నేర్పింది మేమే. ఆయన మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది. చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని, పొలంలో దూరంగా పోయే మనిషిని గుర్తుపట్టబోయినట్టు చీకట్లోకి చూశాడు. ఇదీ ఆటలో భాగమే అనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు. మూడోసారి నోరు తెరిచాడు గానీ పాట రాలేదు. హార్మోనియం ఆయన ఆ మెట్టునే తిప్పి తిప్పి వాయిస్తున్నాడు.

మరిచిపోయాడు అనుకున్నాను. వయసు మీద పడింది, ఎనిమిదేళ్ళుగా ఎవరికీ నేర్పలేదు, అంతా పోయింది అనుకున్నాను. చెవిలో పెట్టుకున్న ఫోనులో మేడం తమిళంలో, పరదా వేసేద్దామా అని అడుగుతోంది. కమిటీలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. నా చెయ్యి పరదా మీట మీదికి పోయింది కూడా.

అప్పుడు కోణంగి మామ గెంతుకుంటూ ముందుకొచ్చాడు. కోణంగికి ఎవర్ని ఏమైనా అనే హక్కు ఉంది, రాజును కూడా. ఆయన స్టేజీ అంచుకు వచ్చి, తల పైకెత్తి, సరిగ్గా నేనున్న అద్దం వైపు చూస్తూ అన్నాడు.

"అమ్మా లైట్లమ్మా, రాజుగారికి ఊరు కనబడలేదంట. ఆయప్ప గోడకు పాడేదా, మనుసులకు పాడేదా? రోంత ఎలుగు సూపించు తల్లీ."

హాలంతా నవ్వింది. నాకు మాత్రం చిన్నప్పటి ఆటలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు ఆటలో నన్ను హార్మోనియం పక్కనే, ముందు వరుసలో కూర్చోబెట్టేవారు. నాకు కునుకు వస్తే నాయన పాట మధ్యలో గొంతు పెంచి నన్ను లేపేవాడు. నిద్రపోయానని కోపమేమో అనుకునేదాన్ని. ఆయన తెర ఎత్తి చూసేది దేనికో, మూడుసార్లు ఎత్తినా ఏం దొరకలేదో అప్పుడు తెలిసింది నాకు.

హాలు లైట్ల మీట పైకి తోశాను. సగం దాకా వచ్చిన వెలుగులో పిల్లలు కళ్ళు చికిలించారు, ఫోన్లు దాచుకున్నారు. మేడం వెనక్కి తిరిగి చూసింది. వీడియో తెల్లగా పోతుంది, వెంటనే ఆర్పమని చెవిలో గట్టిగా చెప్పింది. ఆమె మాట నేను అంతవరకు ఎప్పుడూ కాదనలేదు.

"ఆర్పితే ఆయన పాడలేడు మేడం" అన్నాను. ఆ తర్వాత చెవిలోది తీసి బోర్డు మీద పెట్టేశాను. సౌండు ఆయన నన్ను చూసి మైకు కొంచెం పెంచాడు.

నాయన హాలును ఎడమ నుంచి కుడికి మెల్లగా చూశాడు. నాలుగో వరుస దగ్గర ఆగాడు. నేనెవరో తెలియునా మీకు అని అటు తిరిగి అడిగాడు. కోణంగి మామ పిల్లల చేత తెలుసు సామీ అనిపించాడు. అంతే, కథ ఎత్తుకున్నాడు. ఎక్కడా తడబడలేదు. గంటసేపు, చిందు వేసినా, కత్తి దూసినా, కింద కూలబడి ఏడ్చినా, పాట ఎత్తుకునేటప్పుడు మాత్రం ఆ నాలుగో వరుసకే తిరిగాడు. అక్కడ ఎవరున్నారా అని మెడ చాచి చూశాను. ఒక అమ్మాయి నిటారుగా కూర్చుని, రాజు చూపు తప్పించుకోలేక, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. నాకు అసూయ కలిగింది. ముప్పై నాలుగేళ్ళ మనిషిని, పెళ్ళయిన దాన్ని, మా నాయన ఎవరో పిల్లకు పాడుతున్నాడని కుళ్ళుకున్నాను.

ఆట అయ్యాక మేకప్ గదికి పోయాను. నాయన కొబ్బరినూనెతో ముఖం తుడుచుకుంటున్నాడు. ముందే ఒక్క మాట చెప్పుంటే నేను లైట్లు ఆర్పేదాన్నే కాదు గదా అని కసురుకున్నాను. అది కసురుకోవలసిన సమయం కాదని తెలుసు, నా నోరు అలాంటిది.

"నీ పనికి నేను అడ్డం చెప్పేదా?" అన్నాడు నాయన. గుడ్డ ముఖం మీద నుంచి తీశాడు. సగం రంగు పోయింది, సగం ఉంది. "మా గురువు నేర్పింది ఒగటే. అంతమందికీ పాడద్దు, ఒగ మొగం పట్టుకుని దానికి పాడు అని. నీకోసరం చూసినాను మా. యాడా కనబడలేదు."

పైన అద్దం వెనక ఉంటానని చెప్పాను. అక్కడి వరకు తన చూపు ఆనదని అన్నాడు. నాలుగో వరుస పిల్లనే ఎందుకు పట్టుకున్నావని అడిగాను.

"కునుకు తీస్తా ఉండింది. నీ మాదిరే."

నేను డిప్లొమాలో చేరినప్పటి నుంచి ఆటలకు పోవడం మానేశాను. అప్పటి నుంచి ఎవరికి పాడుతున్నావు నాయనా అని అడిగాను. ఎవరో ఒకరు దొరుకుతారని, ఆట ఆగదు కదా అని చెప్పాడు. తర్వాత నూనె సీసాకు మూత బిగిస్తూ, "మొదుట నిన్నే ఎతికేది. అలవాటు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పక్కనే మామ భుజకీర్తులు విప్పుతున్నాడు, ఆయన ముందు ఏడవకూడదని బయటికి వచ్చి జనరేటర్ గది వెనక నిలబడి ఏడ్చాను. పదహారేళ్ళు ఆయన ఖాళీ చోటులో నన్ను వెతికాడు. నేనేమో ఏడేళ్ళుగా జనాన్ని చీకట్లో పెట్టడమే గొప్ప విద్య అనుకున్నాను. నా పని ఆయన అడగలేదు, ఆయన పని నేను అడగలేదు. గౌరవం అనుకున్నాం ఇద్దరమూ.

వీడియో నిజంగానే తెల్లగా పోయింది. మేడం నాతో వారం రోజులు మాట్లాడలేదు. కానీ వాచీ చూసుకున్న కమిటీ ఆయనే, ఇన్నేళ్ళలో ఈ హాల్లో పిల్లలు నిద్రపోకుండా చూసిన ప్రోగ్రాం ఇదొక్కటే అని రాశాడట. పేపరు మంజూరైంది. నాయన శనివారాలు బేరిగై నుంచి బస్సెక్కి రావడం మొదలుపెట్టాడు. రబ్బరు పరిచిన గది ఆయనకు నచ్చలేదు, కాలి చప్పుడు వినపడదట. మిరపకాయలు తీయించి, పొద్దున ఎండ ఎక్కకముందు ఆరుబయట మెట్ల దగ్గర నేర్పాడు. తొమ్మిది మంది చేరారు. రెండు నెలలకు నలుగురు మిగిలారు.

ఆ నలుగురిలో నాలుగో వరుస అమ్మాయి ఉంది. వాళ్ళ అమ్మానాన్నలు విజయనగరం వైపు నుంచి వచ్చి హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు. కాపురం మూకండపల్లిలో. వాళ్ళమ్మకు మొదటి షిఫ్టు కాబట్టి ఈ పిల్లే తెల్లారకముందే లేచి వంట చేసి, రెండు బస్సులు మారి వస్తుంది. అందుకే ఆ కునుకు. మొదటి రోజే, తాతగారూ, ఆ వేళ నన్నే ఎందుకు చూశారండీ అని అడిగింది. నాయన ఆ అండీలకు మురిసిపోయి రోజంతా చెప్పుకున్నాడు. ఆడపిల్లకు రాజు వేషం ఏమిటని పల్లెలో ఒకరిద్దరు అన్నారు. కిరీటం బరువు మోసేది మెడ గానీ మీసం కాదు గదా అని కోణంగి మామ వాళ్ళ నోరు మూయించాడు.

సంవత్సరం చివర ఆ అమ్మాయికి నాయన పుస్తకం ఇచ్చాడు. ఫోన్లో ఫోటోలు తీసుకుంటానంటే ఒప్పుకోలేదు. చేత్తో రాసుకోవాలని, తాను అట్లాగే రాసుకున్నానని, తన గురువూ అట్లాగే రాసుకున్నాడని అన్నాడు. ఆమె రెండు లాంగ్ నోట్‌బుక్కులు నింపింది.

మొన్న ఆ పిల్లల ఆట మా హాల్లోనే జరిగింది. మోకాళ్ళు సహకరించక నాయన ఆడలేదు. బోర్డు మీద హాలు లైట్ల మీట పక్కన నేను తెల్ల టేపు ముక్క ఒకటి అంటించి ఉంచాను, మా ఆటకు ఇంతకంటే కిందికి దించకూడదని గుర్తు. సౌండు ఆయనకు దాన్ని చూపించి, గంటసేపు నా బోర్డు కూడా చూడమన్నాను. నియమం సంగతేమిటని కన్నడంలో అడిగాడు. మనం పెట్టుకున్నదే కదా అన్నాను. ఆయన నవ్వాడు.

కిందికి వచ్చి నాయన పక్కన రెండో వరుసలో కూర్చున్నాను. నా హాల్లో నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఆ కుర్చీ కిర్రుమంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. తెర వెనక గజ్జెలు మోగాయి. అంచు పైకి లేచింది, కిరీటం కింద రెండు కళ్ళు హాలంతా వెతికి ఒకచోట ఆగాయి. తెర పడింది. ఆ పిల్ల తన వాద్యారును వెతుక్కుని ఉంటుందని, నాయనకు బాగా కనబడాలని నేను కొంచెం పక్కకు జరగబోయాను.

నాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను కాదు, నిన్నే పట్టుకునింది" అన్నాడు. "కదలద్దు మా."

నేను కదల్లేదు.